బిస్కెట్ డబ్బాలో రెండు ఫోన్లు

మొన్న మా వీధి పిల్ల ఒకతి వచ్చి, "పెద్దమ్మా, బీచ్‌లో బండ్లు అద్దెకిచ్చే షెడ్డులో పని దొరికింది. నువ్వు చేశావంట కదా, ఎలా ఉంటది?" అని అడిగింది. బాగానే ఉంటుందని చెప్పి పంపేశాను. అది వెళ్లిపోయాక సగం మాటే చెప్పానని తోచింది. మిగతా సగం ఇప్పుడు చెబుతాను. ఆ పిల్లే కాదు, ఆ పనికి చేరే పిల్లలందరూ వినాలి. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, అంతకుమించి చదువు లేదు. నేను నోటితో చెబుతుంటే రాసేవాళ్లు రాస్తున్నారు. నా గొంతూ మోటే, మాటా మోటే. సర్దుకోండి.

మాది చెరుకుపల్లి దగ్గర పల్లెటూరు. నాట్లకీ కోతలకీ పోయేదాన్ని. మా ఆయన కామెర్లతో పోయాక ఆ పొలాల వైపు చూడబుద్ధి కాక బాపట్లలో మా అక్క దగ్గరకు వచ్చేశాను. అక్కావాళ్లు మొగలో పీతలు పట్టుకుని బతికేవాళ్లు. మొగ అంటే వాగు వచ్చి సముద్రంలో కలిసే చోటు. రెండేళ్లు నేనూ ఆ బురదలో తిరిగాను. తర్వాత బీచ్‌లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మాను. ఒకరోజు తాగిన కుర్రాళ్లు కొందరు, పిల్లలు ఆడుకుంటున్న చోటికి బండి తోలుకొస్తుంటే బుట్ట కింద పెట్టి నేను అరిచిన అరుపుకి బండి ఆగింది, బీచ్ అంతా ఆగింది. షెడ్డు ఓనరు పరుగెత్తుకొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను.

"మైకు పెట్టినా ఇంత దూరం వినపడదమ్మా. మా షెడ్డులో చేరతావా?" అన్నాడు.

అలా చేరాను. ఆయనది తెనాలి. అక్కడ పాత మోటారు సైకిళ్లు కొని అమ్మే వ్యాపారం చేసి, ఆ తర్వాత ఇక్కడ ఈ బండ్లు పెట్టాడు. మీరు చూసే ఉంటారు, లావుపాటి నాలుగు చక్రాలు, మోటారు సైకిల్‌కి ఉన్నట్టు హ్యాండిల్, కుడిచేతి బొటనవేలితో నొక్కితే పరుగెత్తుతుంది. ఏటీవీ అంటారు. మావి అయిదు ఉండేవి. నాకు వాటి నంబర్లకంటే రంగులే గుర్తు. ఎర్రది, పచ్చది, నీలం, నల్లవి రెండు. అద్దెకిచ్చేటప్పుడు ఎలా నొక్కాలో, ఎలా ఆపాలో చెప్పి, టైము చూసుకోవడం నా పని. చెడిపోతే బాగుచేయడం మెకానిక్కు పని. అతనిది రేపల్లె, ముప్పై అయిదేళ్ల మనిషి. నన్ను పిన్నీ అనేవాడు. రేపల్లె నుంచి తెనాలి వచ్చి, అక్కడ రైలు మారి బాపట్ల వచ్చేవాడు. "నువ్వూ మీ రేపల్లె రైలూ ఒకటేరా, ఎప్పుడు కదులుతారో దేవుడికే తెలియాలి" అని నేను ఎగతాళి చేసేదాన్ని. "రైలు నెమ్మదైనా చేరుద్ది పిన్నీ. నీ నోరు బయల్దేరితే ఎక్కడా ఆగదు" అనేవాడు.

మొదట్లో బండ్లు రెండు జెండాల మధ్యనే తిరిగేవి. వెనకాల మావాళ్లు ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు. తర్వాత రిసార్టులు వచ్చాయి. సెలవులకు వచ్చినవాళ్లు "మీ మనిషి మాకెందుకండీ, మేమే పోతాం" అనడం మొదలుపెట్టారు. ఓనరు గంట బండి అని పెట్టాడు. బండి తీసుకో, నీ ఇష్టం వచ్చినంత దూరం ఒడ్డు వెంట పో, గంటలో తిరిగి రా. తూర్పున, నిజాంపట్నం వైపు ఒక ఎర్ర జెండా పాతించాడు. అది దాటకూడదు. దాని అవతల మొగ.

మనిషి మన కళ్ల ముందు లేకుండా బండి ఇస్తున్నామంటే ఏదో ఒకటి పూచీగా పెట్టించుకోవాలి. ఆధార్ కార్డో, లైసెన్సో తీసుకోమన్నాడు ఓనరు. ఇక్కడే నా బండారం బయటపడింది. ఒకరోజు నలుగురు కుర్రాళ్లు ఒక కార్డు నా చేతిలో పెట్టి పచ్చ బండి తీసుకెళ్లారు. సాయంత్రానికి బండి సరుగుడు తోటలో బోర్లా పడి దొరికింది. కుర్రాళ్లు లేరు. ఓనరు ఆ కార్డు తీసి చూశాడు.

"అమ్మా, ఇది ముసలాళ్లకిచ్చే బస్సు పాసు. ఫొటోలో తాతకి మీసాలు కూడా తెల్లగా ఉన్నాయి. ఇరవై ఏళ్లవాడు ఇస్తే తీసుకున్నావా? చదువు రాదు, సరే. కళ్లు కూడా లేవా?"

మెకానిక్కు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు చచ్చినంత పనైంది. కళ్లు ఉన్నాయి. కానీ అక్షరాలున్న కాగితం ఏదైనా చేతికొస్తే చూడకుండా తల దించేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అందులో బొమ్మ ఉన్నా చూడను. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటాను?

ఆ రోజంతా ఆలోచించాను. చదవక్కర్లేనిది, మనిషి వదిలి పోలేనిది ఏముంది? మర్నాటి నుంచి, "కార్డు వద్దు, మీ ఫోన్ పెట్టి వెళ్లండి" అనడం మొదలుపెట్టాను. ఖాళీ బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి, అడుగున పాత చీర ముక్క పరిచి అందులో పెట్టేదాన్ని. చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే వచ్చేవాళ్లు జనం! వచ్చీరాగానే "మా ఫోన్ ఏదండీ?" అనేవాళ్లు. ఓనరు తెగ మెచ్చుకున్నాడు. తెనాలి నుంచి ఎవరొచ్చినా, "చదువుకున్నవాళ్లకి రాని ఐడియా మా ఆమెకొచ్చింది" అని చెప్పేవాడు. అది వింటుంటే నాకు రెండు జానలు ఎత్తు పెరిగినట్టుండేది.

కొన్నాళ్లకు తెలివైనవాళ్లు తగిలారు. పనిచేయని పాత ఫోను ఒకటి ఇచ్చి, మంచిది జేబులో పెట్టుకుపోయేవాళ్లు. అప్పుడు నేను ఇంకో అడుగు వేశాను. ఎంతమంది ఉంటే అన్ని ఫోన్లూ పెట్టాల్సిందేనన్నాను. మెకానిక్కు ఒక్కడే అడ్డు చెప్పాడు.

"పిన్నీ, దారిలో బండి ఆగిపోతే వాళ్లు మనకి చెప్పేదెట్టా?"

"నడిచొచ్చి చెప్తారు. కాళ్లు లేవా?" అన్నాను.

వాడు తల ఊపి, పానా తీసుకుని బండి దగ్గరకు పోయాడు. నాకు గెలిచినట్టు అనిపించింది.

ఇక ఆ రోజు సంగతి. కార్తీక పౌర్ణమి. మేం చర్చికి పోయేవాళ్లం, మాకు కార్తీక స్నానాలు లేవు. కానీ ఆ రోజు బీచ్‌లో పనిచేసేవాళ్లకి తెల్లవారుజాము నుంచే పని ఉంటుంది. మధ్యాహ్నానికి స్నానాలవాళ్లు తగ్గి, సరదాకి వచ్చినవాళ్లు పెరిగారు. రెండు గంటలప్పుడు ఒక తల్లీ కూతురూ వచ్చారు. తెనాలి నుంచి కారులో వచ్చారట. కూతురికి ముప్పై ఏళ్లుంటాయి, ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుందట. తల్లి చేతికర్ర పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది.

"మొగ దగ్గర పక్షులు వాలతాయంట కదండి. అమ్మకి చూడాలని ఉంది. ఇసుకలో నడవలేదు. బండైతే మోసుకుపోద్దని వచ్చాం" అంది కూతురు.

"పో, కానీ ఎర్ర జెండా దాటకు. నీళ్లు తగ్గి ఇసుక గట్టిగా కనపడుద్ది, దాన్ని నమ్మకు" అన్నాను. అన్నానే గానీ ఎలా అన్నాను? అవతల నల్ల బండివాడితో పోట్లాడుతూ, వాళ్ల వైపు చూడకుండా అన్నాను. రోజుకి ముప్పైసార్లు చెప్పే మాట అది. ముప్పైసార్లు చెప్పిన మాటలో చెప్పేవాళ్లకే పట్టింపు ఉండదు.

కూతురు ఫోను ఇచ్చేసింది. తల్లి ఇవ్వలేదు.

"నాది ఉంచుకోనివ్వమ్మా. మా ఆయన ఊరికే చేస్తుంటాడు. ఎత్తకపోతే కంగారుపడతాడు."

"గంట కంగారుపడితే ఏం కాదులే పెద్దమ్మా. నీకో రూలు, ఇంకొకళ్లకో రూలు ఉండదు."

"నీ గొంతు వింటే మా స్కూలు హెడ్మాస్టరు గుర్తొస్తున్నాడే" అని నవ్వి, తన ఫోను కూడా నా చేతిలో పెట్టింది. వాళ్లకి ఎర్ర బండి ఇచ్చాను. కూతురు తోలుతుంటే తల్లి వెనక కూర్చుని, ఆ వంగని కాలు పక్కకు చాపుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుంది. చూడటానికి ముచ్చటేసింది.

పావుగంట కాకముందే డబ్బాలో ఫోను మోగింది. తల్లిది. అద్దం మీద బట్టతలాయన బొమ్మ కనపడింది. కస్టమర్ల ఫోను ఎత్తకూడదని మా పద్ధతి. మూత పెట్టాను. చీర ముక్కలోంచి తేనెటీగ తిరిగినట్టు మోగింది, ఆగింది. మళ్లీ మోగింది. మూడయింది. బండి రాలేదు. మూడున్నర అయింది. రాలేదు. అయిదోసారో ఆరోసారో మోగినప్పుడు ఆ రొద భరించలేక ఎత్తాను.

"ఎక్కడున్నావే? ఎన్నిసార్లు చేయాలి?" అన్నాడాయన.

"నేను బండ్ల షెడ్డులో పనిచేస్తానండి. ఫోను మా దగ్గర పెట్టి వెళ్లారు."

"బండేంటమ్మా? ఆవిడకి మోకాలు ఆపరేషనయ్యి రెండు నెల్లయింది. ఇసుకలో ఒక్క అడుగు కూడా వేయొద్దన్నారు డాక్టరు. ఇప్పుడెక్కడుంది?"

 ఆ క్షణంలో నిజం చెబితే, 'నాకు తెలియదండీ' అనాలి. అనలేకపోయాను.

"ఇక్కడే ఉన్నారండి. వచ్చేస్తున్నారు. కనపడుతున్నారు" అన్నాను.

"అయితే సరే" అని పెట్టేశాడు.

ఫోను డబ్బాలో పెట్టి, వచ్చినవాళ్లకి బండ్లు ఇస్తూ ఇంకో అరగంట గడిపేశాను. తల ఎత్తేసరికి మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. "ఎర్ర బండి ఇంకా రాలేదే పిన్నీ?"

"తల్లీ కూతుళ్లు కదా, ఫొటోలు దిగుతుంటారు."

"ఫొటోలు దేంతో దిగుతారు? ఫోన్లు నీ దగ్గరున్నాయిగా."

వాడు మామూలుగానే అన్నాడు. నేను మాత్రం గబగబా రోడ్డు దాకా వెళ్లి చూశాను. వాళ్ల కారు పెట్టినచోటే ఉంది. వెనక్కి తిరిగాను. అప్పుడే పీతలకు పోయిన ఆడవాళ్లు ముగ్గురు, తడిసిన చీరలతో, నెత్తిన బుట్టలతో మొగ వైపు నుంచి వస్తున్నారు. వాళ్లు వస్తున్నారంటే నీళ్లు తిరిగినట్టే. నీళ్లు తగ్గే పాటు అయిపోయి, ఎక్కే పోటు మొదలైనట్టే. పౌర్ణమి పోటు అన్నిటికంటే పెద్దది. రెండేళ్లు ఆ నీళ్లలో బతికిన నాకు ఆ సంగతి పొద్దున్నించీ తెలుసు. తెలిసి కూడా నా బుర్రకి ఎక్కలేదు.

"మొగ దగ్గర బండేమైనా కనపడిందా?" అని అక్కడినుంచే అరిచాను.

"బండా? మొగ అవతల ఇసుక దిబ్బ మీద ఏదో ఎర్రగా ఉంది. ఎవరో జెండా అక్కడికి మార్చారేమో అనుకున్నాం" అంది ఒకామె.

మేం పాతిన జెండా దిబ్బ మీద లేదు, ఎప్పుడూ ఉండదు.

మెకానిక్కు నీలం బండి తీశాడు. నేను వెనకెక్కి వాడి చొక్కా పట్టుకున్నాను. అన్నేళ్లు ఆ బండ్లు ఇతరులకిచ్చానే గానీ నేను ఎక్కడం అదే మొదలు. ఒడ్డు వెంట పోతుంటే ఎర్ర బండి చక్రాల గుర్తులు ఇసుకలో జతగా కనపడుతున్నాయి. జెండా వచ్చింది. గుర్తులు దాన్ని దాటి పోయాయి. ఇంకొంత దూరం పోయాక మెకానిక్కు బండి ఆపేశాడు. చక్రాల గుర్తులు నేరుగా నీళ్లలోకి పోయాయి. రెండు గంటల కిందట అక్కడ ఎండి మెరుస్తున్న ఇసుక ఉండి ఉంటుంది. ఇప్పుడు బారల లోతు లేకపోయినా, లోపలికి లాక్కుపోయే నీళ్లు ఉన్నాయి.

అవతల దిబ్బ చాప వెడల్పు అంత మిగిలింది. ఎర్ర బండి ముందు చక్రాలు ఊబిలో కూరుకుపోయి, తల వంచిన గేదెలా ఉంది. సీటు మీద తల్లి కూర్చుంది. కూతురు నడుం లోతు నీళ్లలో నిలబడి ఆమెను పట్టుకుంది. గాలి మా వైపు వీస్తోంది, వాళ్ల మాటలు వినపడుతున్నాయి.

"నువ్వెళ్లిపోవే. నాకు ఈత వచ్చు" అంటోంది తల్లి.

"నీకు ఈత రాదు. నోర్మూసుకో అమ్మా."

"కాలవలో నేర్చుకున్నా, నీకు చెప్పలేదంతే."

"నోర్మూసుకోమన్నానా!"

"వస్తున్నాం! కదలొద్దు! కదిలితే బండి ఇంకా దిగుద్ది!" అని నా బలమంతా పెట్టి అరిచాను. కూతురు తల తిప్పి చూసింది. చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ తల్లి మీదే ఉన్నాయి.

ఒడ్డున ఉన్న గుడిసెల్లో ఒక ముసలి జాలరి వల బాగుచేసుకుంటున్నాడు. నా కేక విని లేచి వచ్చాడు. మొగ వైపు ఒక్కసారి చూసి, "మోటారు బోట్లన్నీ వేటకి పోయాయి. తెప్పే ఉంది. నేనొక్కణ్ణీ ఆ మనిషిని ఎత్తలేను. ఎవరో ఒకరు రండి" అన్నాడు.

నేను మెకానిక్కు వైపు చూశాను.

"నాకు ఈత రాదు పిన్నీ."

"రేపల్లెలో పుట్టి ఈత రాకపోవడమేంటిరా?"

"రాదు. అంతే. తాడు పట్టుకుంటా, ఒడ్డున ఎంతసేపైనా పట్టుకుంటా." గుడిసె ముందున్న తాడు చుట్ట తీసి భుజాన వేసుకున్నాడు.

నాకూ ఈత రాదు. కానీ నాకు ఆ బురద తెలుసు. ఎక్కడ గుల్లలు కరకరలాడితే అక్కడ అడుగు ఆగుతుంది, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ మనిషి దిగిపోతుంది. చీర పైకి దోపుకుని తెప్ప ఎక్కాను. తెప్ప అంటే నాలుగు దుంగలు కట్టిన కట్టె, అంతకుమించి ఏమీ లేదు. జాలరి గెడ వేస్తుంటే నీళ్లు దాన్ని పక్కకు, వాగు లోపలి వైపుకు నెడుతున్నాయి. ఒకసారి దిబ్బను దాటి కొట్టుకుపోయాం. వెనక్కి రావడానికి ఆ ముసలాయన ఊపిరి ఆగేలా గెడ వేశాడు.  పొద్దు సరుగుడు తోటల మీదకు దిగిపోతోంది.

మేం చేరేసరికి నీళ్లు సీటు మీద కూర్చున్న తల్లి ఒడిలోకి వచ్చాయి. ప్రతి అలకీ బండి కొంచెం కొంచెం పక్కకి ఒరుగుతోంది. నేను గుల్లల నేల కోసం కాలుతో తడిమి, దొరికాక దిగాను. రొమ్ముల దాకా నీళ్లు. ఆమె నడుం చుట్టూ చెయ్యి వేశాను. లేవలేకపోయింది. ఆ కాలు వంగదు, బండికీ హ్యాండిల్‌కీ మధ్య ఇరుక్కుపోయింది. కూతురు నీళ్లలో మునిగి కాలు పట్టి తిప్పింది. తల్లి పెట్టిన కేక నేను చచ్చేదాకా మర్చిపోను. నా చెవి పక్కనే పెట్టింది. కాలు బయటికొచ్చింది. ముగ్గురం కలిసి ఆమెను తెప్ప మీద అడ్డంగా పడుకోబెట్టాం. బరువుకి తెప్ప సగం మునిగింది.

"ఇంకొకళ్లు ఎక్కితే తిరగబడుద్ది" అన్నాడు జాలరి.

కూతురు తెప్ప చివర పట్టుకుంది. నేను ఇంకో చివర పట్టుకున్నాను. కాళ్లు అందినచోట నడిచాం, అందనిచోట వేలాడాం. ఒకచోట నా కాలి కింద ఏమీ లేదు. ఉప్పునీళ్లు మింగాను. ఆ తర్వాత మెకానిక్కు విసిరిన తాడు జాలరి చేతికి దొరికింది. ఈత రానివాడు మెడ దాకా నీళ్లలోకి వచ్చి లాగుతున్నాడు.

ఒడ్డున తల్లిని ఇసుక మీద పడుకోబెట్టాక వెనక్కి చూశాను. దిబ్బ లేదు. నీళ్ల మీద ఎర్రగా హ్యాండిల్ ముక్క కనపడింది, కాసేపటికి అదీ కనపడలేదు.

జాలరి ఆయాసపడుతూ కూతుర్ని అడిగాడు. "ఒక్క ఫోన్ కొట్టి ఉంటే పాటులోనే వచ్చేవాణ్ణి కదమ్మా. మోకాలి లోతు కూడా ఉండేది కాదు. షెడ్డు వాళ్లకైనా చేయకపోయావా?"

ఆ అమ్మాయి అతన్ని చూడలేదు. నన్ను చూసింది.

"బండి మీద నంబరు ఉందండి. ఆపద వస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. అమ్మని ఒక్కదాన్నీ వదిలి రాలేక రెండు గంటలు దాన్నే చదువుకుంటూ కూర్చున్నాం."

ఆ అంకెలు బండి మీద ఉన్నాయని నాకు తెలుసు. రోజూ గుడ్డపెట్టి తుడిచేదాన్ని. అక్షరాలు ఏం చెబుతున్నాయో ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు.

చీకటి పడే వేళకి తల్లిని కట్టుకట్టించి షెడ్డుకు తీసుకొచ్చారు. ఎముక విరగలేదన్నారు. ఎముక విరగకపోవడం నా గొప్ప కాదు. తెనాలి నుంచి ఓనరు వచ్చేశాడు. బీచ్ దగ్గరుండే పోలీసాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఓనరు నన్ను పెట్రోలు డబ్బాల వెనక్కి తీసుకెళ్లాడు.

"చూడమ్మా, జెండా దాటొద్దని చెప్పావా లేదా?"

"చెప్పానండి."

"వాళ్లు దాటారా లేదా?"

"దాటారండి."

"అంతే చెప్పు. అదే జరిగింది. ఫోన్ల సంగతి ఎత్తకు. మిగతాది నేను చూసుకుంటా."

ఆయన్ని తప్పుపట్టను. నాకు అన్నం పెట్టిన మనిషి. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం కూడా లేదు. సరేనన్నాను. అనే ఇవతలికి వచ్చాను.

వచ్చేసరికి తెనాలి నుంచి అద్దె కారు ఒకటి వచ్చి ఆగింది. బట్టతలాయన దిగాడు. ఫోను బొమ్మలో కంటే చిన్నగా ఉన్నాడు. నేరుగా భార్య దగ్గరకు పోయి, ఆమె పాదం పట్టుకుని కూర్చున్నాడు. కొంతసేపయ్యాక చుట్టూ చూసి, "ఫోన్‌లో మాట్లాడింది ఎవరమ్మా?" అన్నాడు.

"నేనేనండి."

అరుస్తాడనుకున్నాను. అరుపుకి అరుపు నా దగ్గర ఉంది. ఆయన నెమ్మదిగా అన్నాడు. "కనపడుతున్నారన్నావు కదమ్మా. ఆ మాట విని ఫోను పక్కన పెట్టి పడుకున్నాను. గంటన్నర హాయిగా నిద్రపోయాను. నా భార్య నీళ్లలో కూర్చున్నప్పుడు."

డబ్బాలోంచి ఆవిడ ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను. 

పోలీసాయన బల్ల ముందు కూర్చోబెట్టి అడిగాడు. జెండా సంగతి చెప్పాను. బండి ఎన్నింటికి ఇచ్చానో చెప్పాను. "మరి వాళ్ల దగ్గర ఫోన్లు ఎందుకు లేవు?" అన్నాడు. ఓనరు నా వైపు చూశాడు. మెకానిక్కు నేల వైపు చూశాడు.

"పూచీగా పెట్టించుకున్నానండి. పద్ధతి నాదే. ఓనరుది కాదు" అన్నాను.

ఆయన రాసుకుని, "సంతకం పెట్టు" అని కాగితం నా ముందుకు తోశాడు. అక్షరాల కాగితం. అలవాటుగా తల దించబోయి ఆగాను.

"ఒకసారి చదివి వినిపించండి" అన్నాను.

"ఏం, నామీద నమ్మకం లేదా?"

"నాకు చదువు లేదండి. అందుకని."

విసుక్కుంటూ చదివాడు. అంతా సరిగ్గానే ఉంది. ఒకచోట మాత్రం, "కస్టమర్ల ఫోన్లను సిబ్బంది షెడ్డులో భద్రపరిచారు" అని వచ్చింది.

"భద్రపరచడమేంటండీ? ఆ పెద్దావిడ ఇవ్వనంది. బలవంతంగా తీసుకున్నాను. అలా రాయండి."

"అమ్మా!" అన్నాడు ఓనరు.

"ఇంకొకటి కూడా రాయండి. ఆ బాబుగారు ఫోన్ చేసినప్పుడు వాళ్లు ఎక్కడున్నారో నాకు తెలియదు. కనపడుతున్నారని అబద్ధం చెప్పాను. అప్పుడు నిజం చెప్పుంటే ఆయన గోల పెట్టేవాడు, నేను అప్పుడే కదిలేదాన్ని. అప్పటికి నీళ్లు ఇంకా ఎక్కలేదు."

పోలీసాయన కలం ఆపాడు. "ఇది రాస్తే నీకే నష్టం, తెలుసా?"

"తెలుసండి."

కొత్త కాగితం తీసుకుని మొదటినుంచి రాశాడు. మళ్లీ చదివించుకున్నాను. నా పేరు రాయడానికి నాకు చాలాసేపు పడుతుంది. ఆ రోజు ఇంకా ఎక్కువ పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. లేచేసరికి ఓనరు, "రేపట్నుంచి రావద్దమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు. షెడ్డు నాలుగు నెలలు మూతపడింది. తర్వాత తెరిచారు. ఇప్పుడక్కడ బండి ఎక్కేవాళ్ల మెడలో ఫోను పెట్టుకునే ప్లాస్టిక్ సంచి వేసి పంపుతున్నారని మెకానిక్కు చెప్పాడు. అతను ఈత కూడా నేర్చుకున్నాడట. నేను రిసార్టు వంటింట్లో అంట్లు తోమే పనికి చేరి, నడుం పట్టేదాకా చేసి మానేశాను.

ఆ రోజు వాళ్లు వెళ్లిపోయేటప్పుడు కారు నా పక్కనే ఆగింది. వెనక సీట్లో కాలు చాపుకున్న తల్లి అద్దం దించింది.

"హెడ్మాస్టరుగారూ, నువ్వు అబద్ధం ఆడకపోతే మా ఆయన ఇంట్లో కూర్చుని ఏడ్చేవాడు. పోనీలే, నిద్రన్నా పట్టింది మనిషికి" అని నవ్వింది. పక్కనున్న బట్టతలాయన కూడా కొంచెం నవ్వాడు.

తోలుతున్న కూతురు నవ్వలేదు. నా వైపు తిరగలేదు. అద్దం పైకెక్కించేసి కారు కదిలించింది.

ఈ కథ విన్నవాళ్లందరూ తల్లి మాట పట్టుకుని, చూశావా, నిన్ను క్షమించేసింది అంటారు. నాకు ఆ మాటతో పని లేదు. ఆవిడ మంచిది, ఎవర్నైనా క్షమిస్తుంది. ఆ దిబ్బ మీద రెండు గంటలు, చివరికి నడుం లోతు నీళ్లలో, తల్లిని పట్టుకుని నిలబడింది కూతురు. ఆ పిల్ల చూసిన లెక్కే సరైన లెక్క.